ఇంకా చోటుంది

నాన్నని వీధంతా 'కదలకండి' అనే పిలుస్తుంది. స్టూడియోలో ఫొటోలు తీసీ తీసీ ఆ మాట నోటికి అంటుకుపోయింది. వీడియో కెమెరా కొన్నాక కూడా వదల్లేదు మహానుభావుడు. అందుకే ఇంట్లో ఉన్న ఆ ఒక్క పొడవాటి టేపులో చుట్టాలందరూ గోడకి మేకులు కొట్టినట్టు నిలబడి ఉంటారు.

టేపు చివర అమ్మ మాట్లాడుతుంది. పోయిన అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. కూతురికి కావలసింది అదే. టేపు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలనుకుంది.

"టేపు బాగా అరిగిపోయిందమ్మా. ఇంకొక్కసారి ఆడుతుందేమో. ముందుకి తిప్పినా, మధ్యలో ఆపినా మాత్రం తెగుతుంది" అని మెకానిక్ ముందే చెప్పాడు. టేపు ఆడించే వీడియో పెట్టెను గుర్తుపట్టేది ఇంట్లో ఉన్న ముసలి కంప్యూటరొక్కటే. బయటి డిస్కు తగిలిస్తే అది అలిగి ఆగిపోతుంది. తన సినిమాలూ పాటలూ అన్నీ తీసేసినా, టేపులో సగానికే చోటు చాలుతుందని కూతురి లెక్కలో తేలింది.

"పట్టినంత పట్టనీలేవే" అన్నాడు నాన్న. ఆమె ప్రాణాలు ఉగ్గబట్టుకుని బటన్ నొక్కింది.

తెరమీద అత్తలు బిగుసుకుని నిలబడ్డారు. కంప్యూటర్లో మిగిలిన ఖాళీ చూపించే అంకె మాత్రం తగ్గితే ఒట్టు! అప్పుడు వెలిగింది ఆమెకి.

"నాన్నా, బొమ్మ కదిలితేనే చోటు తింటోంది! నీ 'కదలకండి' మనల్ని కాపాడుతోంది!"

ఇన్నేళ్లూ ఆ మాటకి నాన్నని ఏడిపించింది గానీ, ఇప్పుడు ఆయన ముద్దొచ్చాడు.

ఇంతలో టేపులో పిల్లలు పరుగులు తీశారు. అంకె గబగబా పడిపోయింది. "కదలకండర్రా!" అని టేపులో నాన్న అరిచాడు. ఈసారి కూతురూ అరిచింది. పక్కకి చూస్తే, నాన్న కుర్చీలో చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"నువ్వు కదలొచ్చు నాన్నా! నీకూ దానికీ ఏం సంబంధం?"

"ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు పెదవి కదపకుండా. "అయిపోనీ."

చివరికి అమ్మ వచ్చింది. తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో బుద్ధిగా నిలబడింది. కాసేపు ఓపిక పట్టింది.

"ఏవండీ, ఇంక కదలొచ్చా?" అని పకపకా నవ్వేసింది.

"ఉండవే, ఇంకొంచెం" అన్నాడు టేపులో నాన్న.

కుర్చీలో నాన్న ముందుకి వంగాడు. కళ్లు తుడుచుకోలేదు. ఖాళీ అంకె వైపు ఒకసారి చూశాడు.

"కదులు" అన్నాడు తెరతో. "ఎంత కావాలంటే అంత కదులు. ఇంకా చోటుంది."