ఒకటో తరగతి టీచరు

సోమవారం ప్రేయర్ జరుగుతుండగా జ్ఞానాంబ చేతిలో ఫోన్ మోగింది. గురువారం బడి గుర్తింపు రెన్యువల్ తనిఖీకి ఆఫీసరు వస్తాడని మెసేజ్. పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు. ఆమె పెదాలు వాళ్లతోపాటు కదులుతున్నాయిగానీ మనసంతా ఆ మెసేజ్ మీదే ఉంది.

కాణిపాకం నుంచి ఐరాల పోయే రోడ్డులో ఉండే సుబోధ పాఠశాలను ఆమె పెట్టి ఇరవై ఆరేళ్లయింది. మొదట్లో ఏడాదికి ఒకసారి ఒక ఫారం నింపి ఇస్తే సరిపోయేది. ఇప్పుడు వారానికొక కొత్త ఉత్తర్వు. జూన్‌లో తెచ్చిన పుస్తకాలు జూలైలో మారాయి. పిల్లల హాజరుకు ఒక యాప్, టీచర్ల హాజరుకు ఇంకొకటి, మరుగుదొడ్ల ఫోటోలకు మూడోది. ప్రతి పిల్లకూ ఆన్‌లైన్లో ఒక నంబరు తీసుకోవాలన్నారు. తీసుకుంటే ఆధార్‌లో పేరు ఒక రకంగా, రిజిస్టర్లో ఒక రకంగా ఉందని తిప్పి పంపారు. ఆఫీసు పనులన్నీ చూసుకునే మునిప్రసాద్ పొద్దున వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే సాయంత్రం వరకూ "సర్వర్ తిరగతా ఉండాది మేడం" అనే మాటే చెబుతుంటాడు.

ఇవన్నీ ఒకెత్తు. ఆమెకు నిజంగా గొంతులో ముల్లులా ఉన్నది లోకేశ్వరి సంగతి.

లోకేశ్వరి ఒకటో తరగతి టీచరు. ఇంటర్ చదివి ఈ బడిలో చేరింది, ఇరవై రెండేళ్లుగా అదే తరగతి. ఆమె 'అ' దగ్గర మొదలుపెట్టదు. ఏ పిల్లకు ఆ పిల్ల పేరే మొదటి పాఠం. నిస్సీ అనే పిల్ల ముందు తన పేరు నేర్చుకుంటుంది, తర్వాత పక్కన కూర్చున్న వాడి పేరు, ఆ తర్వాత వెనక వరస వాళ్ల పేర్లు. దసరా సెలవులు వచ్చేసరికి హాజరుపట్టీ పిల్లలే తలా ఒక రోజు తీసుకుని చదివేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి ఈ బడిలో చేర్చేది సగం మంది ఆ తరగతిని చూసే.

కానీ ఆమెకు ట్రైనింగ్ సర్టిఫికెట్ లేదు. ఆమె చేరినప్పుడు ఎవరూ అడగలేదు. తర్వాత అడిగారు. కొన్నాళ్లు గడువిచ్చారు, ఆ గడువూ మారింది, చివరికి మూసేశారు. దూరవిద్యలో చేరదామంటే ఇంటర్‌లో ఆమెకు వచ్చిన మార్కులు చాలవన్నారు. అందుకని కాగితాల మీద ఒకటో తరగతి టీచరు పేరు రూపశ్రీ. ఆ అమ్మాయి ట్రైనింగ్ చేసి చిత్తూరులో ఉంటూ డీఎస్సీకి చదువుకుంటోంది. తనిఖీ రోజు మాత్రం చీర కట్టుకుని వచ్చి నిలబడుతుంది. ఆ రోజు లోకేశ్వరి బడిలో ఉండకూడదు. ఇప్పటికి నాలుగు సార్లు అలా జరిగింది. ఒకసారి సమయం చాలక, అన్నం పళ్లేలు పెట్టే గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను పిలిచి చెప్పింది జ్ఞానాంబ.

"గురువారం ఆఫీసరు ఆయప్ప వొస్తాడంట లోకేశ్వరీ. నువ్వు..."

"సరే మేడం," అంది లోకేశ్వరి. మాట పూర్తి కానివ్వలేదు. వెళ్లిపోయింది.

గురువారం రూపశ్రీ వచ్చింది. కొత్త రిజిస్టర్లకు అట్టలు వేశారు, వరండా రెండుసార్లు కడిగారు. ఒకటో తరగతిలో మాత్రం గోల ఆగలేదు. "మా టీచర్ యాడ?" అని ఒకడు, "మీరెవురు?" అని ఒకతి. జ్వరం వచ్చిందని చెప్పి సర్దింది జ్ఞానాంబ. పదకొండయింది, పన్నెండయింది. ఆఫీసరు రాలేదు. మూడు గంటలకు మెసేజ్ వచ్చింది. తనిఖీ వాయిదా, తేదీ తర్వాత చెబుతారట.

"ముందే సెప్పుంటే ఏం పోయేది వీళ్లకు!" అని ఫోన్ బల్ల మీద విసిరేసింది జ్ఞానాంబ. రూపశ్రీ బ్యాగు సర్దుకుంటూ, "మళ్లీ ఎప్పుడో ముందే సెప్పండి మేడం, నాకు పరీక్షలుండాయి," అంది.

శుక్రవారం లోకేశ్వరి బడికి రాలేదు. శనివారమూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. బడి వదిలాక జ్ఞానాంబే వాళ్లింటికి వెళ్లింది. లోకేశ్వరి గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లేచి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది, మళ్లీ వచ్చి కాయల ముందు కూర్చుంది.

"వొంట్లో బాగలేదా?" అంది జ్ఞానాంబ.

"బాగానే ఉండాది మేడం."

"మరి?"

లోకేశ్వరి కాయలు పక్కకు జరిపింది. "గురువారం ఇంట్లో కూసోలేక కాణిపాకం పొయినా. దండం పెట్టుకోని బస్టాండులో నిలబడుంటే మన బడి ఆటో వొచ్చింది. నిస్సీ తల బైటికి పెట్టి అరిసింది. టీచర్, మీకు జొరమని సెప్పినారే అని. ఏం సెప్పమంటారు ఆ బిడ్డకు? అవునమ్మా, ఆస్పత్రికి పోతాండా అన్నా. ఆ పిల్ల ఏమనిందో తెలుసా? నేను ప్రేయర్ సేస్తాలే టీచర్ అనింది."

జ్ఞానాంబ చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"నా ఇంట్లో పిల్లోళ్లకైనా ఒగ మాట దాచుంటానేమో, ఆ తరగతిలో ఎప్పుడూ అబద్ధం సెప్పలా మేడం నేను. ఇంగ దాక్కునేది నా వల్ల కాదు. వొస్తే తరగతిలో ఉంటా. లేదంటే రాను."

సానుభూతి చూపాల్సిన చోట జ్ఞానాంబకు కోపం పొడుచుకొచ్చింది. "నాకేమన్నా సంతోషమనుకున్నావా? ఎవురి కోసం దాస్తా ఉండా నిన్ను? సర్టిఫికెట్ లేనోళ్లను తీసెయ్యమని రెండేండ్లుగా మెడ మీద కూసున్నారు. నిన్ను తీసెయ్యలా. బడి మూతపడితే రెండొందల మంది పిల్లోళ్లు యాడికి పోవాల? ఈ వారం ఒగ రూలు, పై వారం ఇంగొగటి. రాత్రి పడుకుంటే పొద్దునకి ఏం మారుంటుందో తెలీదు. నువ్వు గూడా ఇట్లంటే ఎట్ల?"

"మీ కష్టం నాకు తెలుసు మేడం," అంది లోకేశ్వరి నెమ్మదిగా. "అందుకే ఐదుసార్లు దాక్కున్నా."

దారి పొడుగునా జ్ఞానాంబ ఆమెను తిట్టుకుంది, ఆఫీసును తిట్టుకుంది, అసలు ఈ బడి పెట్టిన రోజును తిట్టుకుంది. అన్నిటికంటే చిరాకు పుట్టించింది మాత్రం లోకేశ్వరి అన్న మాటలో ఒక్క ముక్క కూడా తప్పు లేకపోవడం.

సోమవారం లోకేశ్వరి వచ్చింది. నేరుగా తరగతిలోకి వెళ్లింది.

బుధవారం పదింటికి ఏ మెసేజూ లేకుండా జీపు గేటు ముందు ఆగింది. మునిప్రసాద్ పరుగున లోపలికి వచ్చాడు. "మేడం, ఆయప్పే! లోకేశ్వరి మేడంను వెనక గేట్లో బండెక్కించుకోని పోతా. రూపశ్రీకి ఫోన్ సేయండి, అర్ధగంటలో వొచ్చేస్తాది. అంతసేపు కాపీలు టీలు ఇచ్చి కూసోబెట్టండి."

జ్ఞానాంబ కిటికీలోంచి చూసింది. ఒకటో తరగతి తలుపు తెరిచే ఉంది. లోకేశ్వరి గుమ్మంలోకి వచ్చి జీపును చూసింది, ఆఫీసు గది వైపు చూసింది, మళ్లీ లోపలికి వెళ్లి పాఠం అందుకుంది.

"వొద్దులేప్పా," అంది జ్ఞానాంబ. "ఉండనీ."

"మేడం!"

"ఉండనీ అంటిని గదా!"

ఆఫీసరు పేరు కుప్పుస్వామి. మంచివాడనే పేరుంది. గదులు చూశాడు, మంచినీళ్ల ట్యాంకు చూశాడు, ఒకటో తరగతిలో మాత్రం పది నిమిషాలు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఒక పిల్లవాడు ఆయన చొక్కా జేబుకున్న పేరుబిళ్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తే భుజం తట్టాడు. ఆఫీసు గదిలోకి వచ్చి రిజిస్టర్ తెరిచాక తలెత్తాడు.

"రూపశ్రీ అని ఉండాదే? ఆయమ్మ వయసు సూస్తే..."

"ఆమె రూపశ్రీ కాదు సార్. లోకేశ్వరి. ట్రైనింగ్ లేదు. ఇరవై రెండేండ్లుగా ఆ తరగతి ఆమెదే. రూపశ్రీ పేరు రాసింది నేనే."

కుప్పుస్వామి పెన్ను మూత పెట్టి ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు, విసుగు.

"ఎందుకు సెప్పినారు మేడం? నేను గట్టిగా అడగలేదు గదా. ఇప్పుడు రాయక తప్పదు నాకు." గొంతు తగ్గించాడు. "ఒగ పని సేయండి. ఆయమ్మను ఆయా అని రాసుకోండి. ఆయాకు ఏ చదువూ అడగరు. తరగతిలో ఉన్నా ఎవురూ ఏమనరు."

హాజరుపట్టీ పెట్టడానికి వచ్చిన లోకేశ్వరి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మాట విన్నదని ముఖమే చెప్పింది.

"ఆమె ఆయా కాదు సార్," అంది జ్ఞానాంబ.

ఆయన రాశాడు. తప్పుడు పేరు నమోదు చేసినందుకు సంజాయిషీ. పదేళ్లకు రావలసిన గుర్తింపు ఒక్క ఏడాదికే. ముప్పై రోజుల్లో ఒకటో తరగతికి ట్రైనింగ్ ఉన్న టీచరు. వెళ్తూ వెళ్తూ, "పిల్లోళ్లు బాగా సదువుతా ఉండారు," అన్నాడు. ఆ మాట రిపోర్టులో రాయడానికి గడి లేదు.

టీచరు కోసం జ్ఞానాంబ ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్ల కిందట కార్వేటినగరంలో చేసిన ట్రైనింగ్ సర్టిఫికెట్ ఆమె బీరువాలోనే ఉంది. ఒకటో తరగతి టీచరుగా తన పేరే రాసింది. లోకేశ్వరి పేరు కింద సహాయకురాలు అని రాసి, ఆమెకు చూపించింది.

"ఇది మళ్లీ కాగితం మీద మాటేనా మేడం?" అంది లోకేశ్వరి.

"కాదు. రోజూ వొస్తా. నిజంగానే పాఠం సెప్తా."

వెళ్లింది. మొదటి వారమంతా జ్ఞానాంబకు లోకేశ్వరి చేత చివాట్లే. "అంత తొందరగా పోతే ఎట్ల మేడం, వెనకోళ్లకు అందలా." పొద్దునపూట రెండు గంటలు ఆమె తరగతిలో ఉంటే ఆఫీసు కుప్పకూలింది. ఐదు నిమిషాలకొకసారి మునిప్రసాద్ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చేవాడు. తల్లిదండ్రులు వరండాలో ఎదురుచూసేవారు. రెండు ఉత్తర్వుల గడువు దాటిపోయింది, రెండు మెమోలు వచ్చాయి.

నాలుగో వారం మునిప్రసాద్ ముఖం వేలాడేసుకుని తరగతికే వచ్చాడు. "మేడం, యాప్ మారిపొయింది. స్టాఫ్ వివరాలన్నీ మళ్లీ ఎక్కించాలంట. ఇందులో సహాయకురాలు అనే గడే లేదు. టీచరు, ఆయా, వాచ్‌మన్, డ్రైవరు. అంతే."

"ఖాళీగా వొదిలెయ్."

"వొదిలితే సబ్‌మిట్ కాదు."

"కాకపోతే కానీ!" అని ఆమె అరిచిన అరుపుకు తరగతిలో పిల్లలంతా నిశ్శబ్దమైపోయారు. లోకేశ్వరి సుద్దముక్క పట్టుకుని అలాగే చూసింది.

ఆ ఫారం పోలేదు. మరునాడు, ఆ తర్వాత రోజు హెచ్చరికలు వచ్చాయి. శనివారం జ్ఞానాంబ తెల్లకాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసింది. లోకేశ్వరి ఎవరో, ఏం చేస్తుందో, యాప్‌లో ఆమెకు చోటెందుకు లేదో రాసి, బస్సెక్కి చిత్తూరులో విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లింది.

"కాగితాలు తీసుకోము మేడం, అంతా ఆన్‌లైనే," అన్నాడు గుమస్తా.

"ఆన్‌లైన్లో గడి లేదనే వొచ్చినా."

"గడి లేదంటే మేమేం సేస్తాం?"

"ముద్రెయ్యి నాయనా. అందినట్టు. అంత సాలు."

అతను లేచి టీకి వెళ్లాడు. వచ్చాడు. భోజనానికి వెళ్లాడు. వచ్చాడు. ఆమె కౌంటర్ ముందు నుంచి కదల్లేదు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. కాళ్లు లాగుతున్నాయి. రెండున్నరకు అతను ముద్ర తీసి, చూడకుండానే ఆమె ఉంచుకునే కాపీ మీద కొట్టి ఇటు తోశాడు.

తేదీ సగమే పడింది. "మళ్లీ కొట్టు," అంది జ్ఞానాంబ.