బాలెన్సర్ మీద తెల్లగీత

ఆ షెడ్డులో మెకానిక్కుని అందరూ స్పీడు అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. నలభై దాటిన మనిషి. నడిచినా పరిగెత్తినట్టే ఉంటుంది. మాట కూడా అంతే, అవతలివాళ్ళ ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు చెప్పేస్తాడు. ఆ జవాబు తప్పయినా సరే, చెప్పడం మాత్రం ముందే.

ఆ వారం అతని దగ్గరికి పళ్ళ డాక్టరుగారి కారు వచ్చింది. ఆవిడ పొద్దస్తమానం పిల్లల పళ్ళు చూసుకునే నెమ్మదైన మనిషి. ఆవిడ కారు మాత్రం అలా కాదు. ఎనిమిది సిలిండర్లు, వాటి నెత్తిన సూపర్‌ఛార్జరు. ఇంజను తనంతట తను గాలి పీల్చుకునేదాకా ఆగకుండా, బలవంతంగా లోపలికి కుక్కే పంపు అది. యాక్సిలరేటర్ తొక్కితే వీపు వెళ్ళి సీటుకి అతుక్కుపోవాల్సిందే.

"ఈమధ్య ఒక వేగం దాటగానే బండంతా వణుకుతోందండీ. ముందు నుంచి కిచకిచమని చప్పుడు కూడా..."

"బాలెన్సర్ మేడమ్," అన్నాడు స్పీడు, బానెట్ ఎత్తకముందే.

ఈసారి జవాబు సరైనదే. క్రాంకు అంటే ఇంజనుకి వెన్నెముకలాంటి ఇరుసు. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే అది గుండ్రంగా తిరుగుతుంది. దాని ముక్కుకి బిగించిన బరువైన చక్రమే బాలెన్సర్. మధ్యలో ఇనుప బొడ్డు, చుట్టూ ఇనుప వలయం, రెండింటినీ పట్టి ఉంచుతూ సన్నటి రబ్బరు పొర. సూపర్‌ఛార్జర్‌ని తిప్పే బెల్టు కూడా దాని మీదుగానే పోతుంది. డాక్టరుగారి బండిలో ఆ రబ్బరు ఎండి పగిలి, వలయం పక్కకి జారింది.

స్పీడు ఇలాంటివి ఇరవై ఏళ్ళుగా మారుస్తున్నాడు. అదక్కడ ఎందుకుందని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. అతని లెక్కలో బాలెన్సర్ అంటే బెల్టు మోసే దిమ్మ, అంతే. ఆ లెక్క ఒక మనిషి కొంప ఎలా ముంచిందో ఇక్కడే చెప్పేయాలి.

ఆ మనిషి అతని అక్క. అతనికన్నా పదేళ్ళు పెద్దది. రెండు వీధుల అవతల తండ్రి వదిలివెళ్ళిన లేత్ షాపు ఆవిడే నడుపుతుంది. పందొమ్మిదో ఏట గ్రైండింగ్ మిషన్ ముందు కూర్చుంది. అరిగిన క్రాంకుల్ని సాపు చేయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అనేవాళ్ళు. ఆరేళ్ళ క్రితం స్పీడు ఒక ఎర్రకారు క్రాంకు ఆవిడ చేత చేయించాడు. ఇంజను కట్టేటప్పుడు, బండి ఇంకా చురుగ్గా ఉండాలని ఓనరు అడిగితే, ఆ బరువు దిమ్మ పీకేసి తేలికపాటి అల్యూమినియం పుల్లీ బిగించాడు. ఇంజను ఈలేసినట్టు లేచింది. అందరూ శభాష్ అన్నారు. నాలుగో నెలలో క్రాంకు రెండు ముక్కలయింది.

మెకానిక్కులంతా టీ తాగే చోట ఎవరో "ఏమైందిరా?" అని అడిగారు. స్పీడు తడుముకోలేదు. "అక్క గ్రైండింగ్‌లో మూల గరుకుగా మిగిలిపోయింది," అన్నాడు. క్రాంకు మీద మందం మారే చోట ఉండే ఆ మూలలు గుండ్రంగా, నున్నగా రావాలి. గరుకు మిగిలితే పగులు అక్కడే పుడుతుంది. సొంత తమ్ముడే అన్నాక ఇంకెవరికి అనుమానం ఉంటుంది? సాయంత్రానికి ఊరంతా పాకింది. పుల్లీ మార్చిన సంగతి చెప్పుకోదగ్గదని కూడా అతనికి తోచలేదు.

అక్క పోట్లాడలేదు. "అయ్యుంటుందిరా," అంది. ఆ రోజు నుంచి క్రాంకు ముట్టుకోలేదు. నాలుగు పంపు ఇరుసులూ, గేటు కీళ్ళూ తిప్పుకుంటూ కాలక్షేపం చేస్తోంది. ప్రతి ఆదివారం తమ్ముడు వాళ్ళింట్లోనే భోంచేస్తాడు, అక్క అడక్కుండానే మారు వడ్డిస్తుంది. ఆ మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ఇలాంటి మౌనం కన్నా జుట్టూ జుట్టూ పట్టుకోవడమే నయమని నేనంటాను గానీ, నన్నెవరడిగారు!

సరే, పనిలోకి వద్దాం. డాక్టరుగారు సెలవు పెట్టి మరీ చూస్తానని స్టూలు వేసుకుని కూర్చుంది. స్పీడు రేడియేటర్ ఫ్యాను విప్పాడు, బెల్టులు తీశాడు. మధ్య బోల్టు మొండికేసింది. పానాకి నాలుగడుగుల పైపు తొడిగి, ఒళ్ళంతా దాని మీద వాల్చాడు. టప్పుమంది. ఆ తర్వాత మూడు కాళ్ళ పుల్లర్ పెట్టి, కొంచెం కొంచెంగా బిగిస్తూ పాత బాలెన్సర్‌ని బయటికి లాగాడు.

"అచ్చం మా పనేనండీ. మేమైతే ముందు మత్తిస్తాం," అంది డాక్టరుగారు.

"ఇక్కడ మత్తు నాకు కావాలి మేడమ్," అన్నాడు స్పీడు, నడుం పట్టుకుని.

కొత్తది పెట్టెలోంచి తీసి కొలిచేసరికి అతని మొహం మాడిపోయింది. బొడ్డు రంధ్రం క్రాంకు ముక్కు కన్నా కాస్త చిన్నగా ఉండాలి, బిగుతుగా పట్టాలి కదా. ఇదేమో వెంట్రుక మందం చిన్నగా ఉంది. ఉండాల్సింది అందులో సగం. బలవంతంగా ఎక్కిస్తే దారి మధ్యలో ఇరుక్కుంటుంది, క్రాంకు ముక్కే చెడుతుంది. రంధ్రాన్ని ఆ కాస్తా సాపు చేయాలి. ఊళ్ళో ఉన్న ఇంకో లేత్ ఆయన మోకాలి ఆపరేషనయి మంచం మీదున్నాడు. ఇక మిగిలింది అక్క.

అక్క గుమ్మంలోనే అడ్డం పడింది. "క్రాంకు పనైతే నేను పట్టనురా."

"క్రాంకు కాదక్కా. దాని ముందుండే దిమ్మ."

ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని రంధ్రంలో వేలు పెట్టి ఒకసారి తిప్పింది. తర్వాత కొలిచింది. మళ్ళీ కొలిచింది. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచింది. ఒకప్పుడు అక్క ఒక్కసారే కొలిచేది. స్పీడు ఆ మూడోసారి చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. ఎక్కడో చివుక్కుమంది గానీ, ఎందుకో అప్పుడు తెలుసుకోదలచుకోలేదు.

రంధ్రం సాపు చేయడానికి అరగంట పట్టింది. "వేడి మీద తొడగాలి," అంది అక్క. "మంట పెడితే రబ్బరు చస్తుంది. మరిగే నీళ్ళలో వేస్తే వంద డిగ్రీలు దాటదు. నేనూ వస్తా, పద." లోపలికెళ్ళి పెద్ద గిన్నె, కరెంటు పొయ్యి పట్టుకొచ్చింది.

"రేపు నా స్నానం నీళ్ళు దేంట్లో కాచుకోవాలి?" లోపల్నుంచి బావ కేకేశాడు. ఆయన బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, చన్నీళ్ళంటే చచ్చేంత భయం.

"రేడియేటర్లో కాచి పంపిస్తాలే బావా!" అన్నాడు స్పీడు.

షెడ్డులో గిన్నె బుడబుడ మరిగింది. అక్క తోలు తొడుగులు వేసుకుని బాలెన్సర్‌ని నీళ్ళలోంచి ఎత్తింది, గుడ్డతో తుడిచింది, క్రాంకు ముక్కుకి తొడిగింది. సగం దాకా దానంతటదే వెళ్ళింది. మిగతా సగం స్పీడు మరలు తీసిన కడ్డీతో, ఎక్కడా ఆపకుండా, లాగి కూర్చోబెట్టాడు. ఒకరి చెయ్యి పక్కకి తప్పుకునేసరికి ఇంకొకరి చెయ్యి అక్కడ ఉంది. డాక్టరుగారు ఊపిరి బిగబట్టి చూసింది.

కొత్త బోల్టు బిగించి, బెల్టులు వేశాక, డాక్టరుగారు పెట్టెలో వచ్చిన కాగితం చదివింది. "బొడ్డు మీద నుంచి వలయం మీదికి ఒక తెల్లగీత గీసుకోమన్నారండీ. రేపెప్పుడైనా వలయం జారితే గీత కలవదు, దాన్నిబట్టి తెలుస్తుందట."

అక్క సన్నటి బ్రష్షుతో ఒక్క ఊపున గీసింది.

చక్రం వంకర లేకుండా తిరుగుతోందో లేదో చూడాలి. దానికి స్పీడు దగ్గర టైమింగ్ లైటు ఉంది. ఒకటో సిలిండర్ మండిన ప్రతిసారీ అది ఒక్క మెరుపు మెరుస్తుంది. ఎంత వేగంగా తిరిగే చక్రమైనా ఆ మెరుపులో కదలకుండా నిలబడినట్టే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వెలుతురు అడ్డొస్తుందని షట్టర్ సగం దించాడు. డాక్టరుగారు తన సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేసింది. స్పీడు లైటు పట్టాడు, అక్క పక్కన వంగింది.

చక్రం నిలబడింది. తెల్లగీత సూటిగా, ఒకే గీతగా ఉంది. "మెల్లగా పెంచండి మేడమ్." నిమిషానికి రెండు వేల చుట్లు. మూడు వేలు. సూపర్‌ఛార్జరు సన్నగా కూతపెట్టింది. నాలుగు వేల దగ్గర గీత విరిగింది.

"జారిపోయింది! ఆపండి, ఆపండి!" అని అరిచాడు స్పీడు.

ఇంజను ఆగింది. వంగి చూశారు. గీత ఒకటిగానే ఉంది, చెక్కుచెదరలేదు. మళ్ళీ స్టార్ట్ చేశారు. నాలుగు వేల దగ్గర మళ్ళీ అదే. బొడ్డు మీద ముక్క ఒక చోట, వలయం మీద ముక్క బియ్యపుగింజ మందం పక్కన. ఇంకా పెంచితే రెండు ముక్కలూ దగ్గరికొచ్చి కలిశాయి. తగ్గిస్తే మళ్ళీ విడిపోయి, మళ్ళీ కలిశాయి.

"జారడం లేదురా," అంది అక్క. "ఊగుతోంది. రబ్బరు మీద వలయం ఊగుతోంది. ఎందుకూ?"

డాక్టరుగారు ఇంజను ఆపి, దిగి, కాగితం వెనక వైపు చదివింది. ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా ఆ దెబ్బకి క్రాంకు మెలి తిరుగుతుందట. వెంటనే వెనక్కి విప్పుకుంటుందట. నిమిషానికి వేలసార్లు. ఒక వేగంలో ఆ మెలి మీద మెలి పేరుకుంటుంది. అప్పుడు ఆ ఊపునంతా వలయమూ, రబ్బరూ తమ మీదికి తీసుకుంటాయట.

అక్క తన మణికట్టు చూసుకుంది. క్రాంకు అంతకన్నా లావుంటుంది. "ఉక్కురా అది," అంది. "లేత్ మీద పెడితే ఉలులు విరుగుతాయి గానీ అది వంగదు. నా జన్మంతా దాన్ని కదలని వస్తువనుకునే కొలిచాను. అది లోపల తడిగుడ్డ పిండినట్టు మెలి తిరుగుతోందా?"

స్పీడు వంగి చక్రాన్ని మళ్ళీ చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఎన్ని ఇంజన్లు కట్టాడు, ఎన్ని బానెట్లు దించాడు! వాటన్నిటిలో ఇది జరుగుతూనే ఉంది. అంత ఉక్కు నలుగుతుంటే, ఇంత రబ్బరు ముక్క కిక్కురుమనకుండా అదంతా భరిస్తూనే ఉంది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"అయితే ఇది లేకపోతే ఏమవుతుందండీ?" అంది డాక్టరుగారు.

మామూలుగా అడిగింది. జవాబు కోసం స్పీడు వైపు చూసింది. ఎప్పుడూ ప్రశ్న కన్నా ముందుండే జవాబు ఆ రోజు రాలేదు. ఎర్రకారు, తేలికపాటి పుల్లీ, నాలుగు నెలలు. అక్కకి పుల్లీ సంగతి తెలియదు. ఎర్రకారు ఓనరు ఏనాడో ఆ తుక్కు అమ్మేశాడు. ఇప్పుడు నోరు కట్టేసుకుంటే ఇక ఎవ్వరికీ తెలియదు. అక్క రేపు కూడా మూడుసార్లు కొలుచుకుంటూ ఉంటుంది.

"విరుగుతుంది మేడమ్," అన్నాడు. "ఒకటి విరిగింది కూడా." తర్వాత అక్క వైపు తిరిగాడు. "అక్కా, ఆ ఎర్రకారుకి బాలెన్సర్ లేదు. నేనే పీకేశాను. బరువెందుకని ఉత్త పుల్లీ వేశాను."

డాక్టరుగారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, అయిపోయిన పేజీనే మళ్ళీ శ్రద్ధగా చదవసాగింది.

"అయితే నా మూల సరిగ్గానే వచ్చిందా?" అంది అక్క.

అబద్ధం చెప్పడం ఇప్పుడు కూడా తేలికే. అద్దంలా ఉందక్కా అనేస్తే సరిపోయేది.

"చూడలేదక్కా," అన్నాడు. "విరిగిన ముక్కలు తిప్పి చూడనైనా లేదు. చూడకుండానే అనేశాను."

"చూడకుండానే?"

"ఊఁ."

అక్క కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. "ఆరేళ్ళురా," అంది. "పడుకుంటే ఆ మూలే కళ్ళ ముందుకొచ్చేది. ఎక్కడ జారింది చెయ్యి, ఏ పూట జారింది అని. చూడకుండా అన్నావా?" అతని భుజం మీద ఒక్కటి వేసింది, గట్టిగానే. తోలు తొడుగు ఇంకా చేతికే ఉంది. స్పీడు తప్పుకోలేదు.

"రేపు పొద్దున టీ దగ్గరికి వస్తా. అందరూ ఉన్నప్పుడు, నా ఎదురుగా చెప్పు."

"చెప్తానక్కా. నీకు ఏ..."

"నోరు మూసుకుని ఎక్కి స్టార్ట్ చెయ్యి. నేనింకా సరిగ్గా చూడలేదు."

లైటు తనే లాక్కుంది. స్పీడు సీట్లో కూర్చుని మెల్లగా యాక్సిలరేటర్ తొక్కాడు. అక్కడి నుంచి గీత కనిపించదు. ఎత్తిన బానెట్ కింది సందులోంచి అక్క మొహం మాత్రం కనిపిస్తోంది, మెరుపుకొకసారి తెల్లగా. మూడు వేలు. నాలుగు వేలు. అక్క నోరు తెరుచుకుని, చెంపల మీద తడి అలాగే ఉండగా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సముద్రం చూసినదానిలా చూస్తోంది. "అలాగే ఉంచు, తగ్గించకు," అని చెయ్యూపింది. అతను ఉంచాడు.

చాలాసేపటికి ఆపమంది. తొడుగులు విప్పి, గిన్నెలో నీళ్ళు పారబోసి, పొయ్యి చంకన పెట్టుకుంది. షట్టర్ కింద వంగి బయటికి వెళ్తూ ఆగింది.

"రేపట్నుంచి క్రాంకులు మళ్ళీ పడతాను," అంది. "ఎవరు తెచ్చినా చేస్తాను. నువ్వు మాత్రం ఇప్పుడే తేకు."

స్పీడు తలూపాడు, గిన్నె అందుకుని ఆవిడ వెనకాలే నడిచాడు.