కుంకుమ కింద చేప

నేను ఒక రెండు గొట్టాల తుపాకీని. నన్ను ముక్కలుగా కోయించే కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలిన రోజు కథ చెబుతాను.

నన్ను చేసింది సోమోజు అనే కమ్మరి. మూడు వానాకాలాలు పట్టింది. చేయించుకున్న దొర నన్ను చూసి మురిసిపోయి, ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద లండన్ దుకాణం పేరు.

"గొట్టాల మీద ఈ పేరు చెక్కు. ఊళ్లనే చేయించిన్నంటే వేటకొచ్చేటోళ్ల ముంగట నా మర్యాదేం గాను?"

ఇంగ్లిషు రాని సోమోజు ఆ అక్షరాలను ముగ్గు వేసినట్టు చూసి చూసి గొట్టాల మీద చెక్కాడు. తర్వాత, ఎవరూ చూడని చోట, ట్రిగ్గర్ కింది కమ్మీ మీద గోరంత చేపను, పక్కనే ఏడు అంకెను చెక్కాడు. చేప ఆయన సొంత గుర్తు; ఏడు, నేను ఆయన చేసిన ఏడో తుపాకీనని. గొట్టాల అడుగున కూడా అదే ఏడు వేశాడు.

దొర పోయాడు, గడీ పోయింది. చివరికి పాపిరెడ్డి మక్కచేనుకు కాపలాగా వచ్చాను. నిజం చెప్పాలంటే నేను చంపిన పందులకన్నా ఉలిక్కిపడ్డ పందులే ఎక్కువ. ఏటా దసరాకు ఆయన భార్య మణెమ్మ, అత్త చూపిన చోటే, ట్రిగ్గర్ కింద నాకు బొట్టు పెట్టేది. కుంకుమను నూనెలో తడిపి, పాత బొట్టు మీదే కొత్త బొట్టు. నలభై దసరాలకు చేప పూర్తిగా మునిగిపోయింది.

పాపిరెడ్డి కన్నుమూశాడు. లైసెన్సు ఆయన పేరునే ఉంది. నన్ను పట్నంలో తుపాకుల దుకాణానికి అప్పగించాలి. అరుదైనదని తేలితే మ్యూజియానికి, లేకపోతే కోతకు. ఆయన భుజాన మోసిన తుపాకీని కోయనివ్వకూడదన్నదే మణెమ్మ పంతం.

అల్లుడు దామోదర్ సాయం చేయబోయాడు. గరుకు కాగితంతో నా కట్టెను తోమి వార్నిష్ పూశాడు. కుంకుమ దగ్గరికి రాగానే మణెమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"అది ముట్టకు బిడ్డా."

"మురికి అత్తమ్మా! కొత్తగ కనవడితేనే విలువ."

"నా బొట్టైతే పాయె. దానిదన్న ఉండనియ్యి."

దుకాణంలో పాత తుపాకులను పరీక్షించే యాకూబ్ సాబ్ నన్ను చూస్తూనే నెత్తి పట్టుకున్నాడు.

"ముసలి తుపాకిని పెండ్లికొడుకును చేసిన్రు! ఎవరమ్మా ఈ మహానుభావుడు?"

దామోదర్ గోడ మీది క్యాలెండర్ చదవసాగాడు.

యాకూబ్ నా గొట్టాలు విప్పి, వేలికి వేలాడదీసి, గోటితో కొట్టాడు. గంటలా మోగాను. అతుకులు గట్టివని ఆయన ముఖం వెలిగింది. లండన్ పేరు చదివాడు. అడుగు తిప్పి చూశాడు. ముఖం వాడిపోయింది.

"లండన్ల చేసినదైతే పరీక్ష ముద్రలుంటయి. ఇక్కడ ఒట్టి ఏడు అంకె. పేరు దొంగదమ్మా."

కోత కాగితం ముందుకు జరిపాడు. మణెమ్మ కలం తీసుకుని, మళ్లీ కింద పెట్టింది.

"చేస్త సాబ్. పోయేటప్పుడు ఒక్క బొట్టు పెట్టనియ్యి."

యాకూబ్ నన్ను బిగించి, తిరగేసి పట్టుకున్నాడు. ఆమె కొంగుముడి విప్పి కుంకుమ తీసి, బొటనవేలితో గట్టిగా అదిమింది. నలభై ఏళ్ల పెచ్చు పుటుక్కున లేచింది. కింద ఒక తోక.

"ఆగమ్మా!"

దూదితో తుడిచాడు. పొలుసులు. రెక్క. ఏడు.

"సోమోజు చేప! మ్యూజియంల ఇసొంటివి రెండే ఉన్నయి. గొట్టాల మీద ఏడు, కమ్మీ మీద ఏడు. ఒక్క చేతి పనే!" అని దామోదర్ వైపు తిరిగాడు. "నీ గరుకు కాగితం ఇంకొక్క జానెడు జరిగుంటే చేప చచ్చేది బిడ్డా."

దామోదర్ నా ముందు చేతులు జోడించాడు. మణెమ్మ కోత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంకుమ పొట్లం చేసుకుంది.

ఇప్పుడు మ్యూజియంలో, గాజు వెనుక ఉన్నాను. నా చీటీ మీద సోమోజు పేరుంది. ఆయన దాచుకున్న గుర్తును తెలియకుండానే కాపాడిన ఆ బొటనవేలికి నేను రుణపడి ఉన్నాను. యాకూబ్ మాట విని, చేప కంటిలో మిగిలిన కుంకుమ ఎరుపును ఎవరూ తుడవలేదు.

దసరాకు మణెమ్మ వస్తుంది. తాకకూడదు కాబట్టి గాజుకే బొట్టు పెడుతుంది, సరిగ్గా చేప ఎదురుగా. కాపలాదారు చూడనట్టు పక్కకు తిరుగుతాడు. ఆ చుక్క వెనుక ఏముందో చూడాలని, ఆ రోజు వచ్చినవాళ్లంతా సోమోజు ముందు ఇంకాస్త వంగుతారు.