తుప్పుడబ్బా వచ్చాడు

మా ఊళ్లో మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఎవరూ నమ్మరు. "అండీ, గారూ" అంటూ వచ్చాడంటే వాడు బీమా అమ్మేవాడైనా అయ్యుండాలి, జప్తు చేయడానికి వచ్చినవాడైనా అయ్యుండాలి. నోటికొచ్చినట్టు తిట్టి, వీపు మీద ఒక్కటి చరిచి, తిరిగి తిడితే పగలబడి నవ్వేవాడే మనవాడు. ఆస్ట్రేలియా దక్షిణాన మా వయాలాలో బస్సు నడిపినన్నాళ్లూ, ఆడదాన్నైనా నేనూ మనుషుల్ని ఇలాగే తూచాను. ఇంత తలతిక్క లెక్క భూమ్మీద ఇంకెక్కడా ఉండదని ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

దేశం పడమటి చివరనున్న పెర్త్ దాకా కారులో వెళ్లాలని నేనూ నా స్నేహితుడు నెవిల్ అనుకున్నాం. చెట్టూ చేమా లేని నల్లార్బర్ మైదానం దాటుకుంటూ రోజుల తరబడి ప్రయాణం. నెవిల్‌కి అది సరదా. నాకు మాత్రం నా తమ్ముడి కూతురు మెరిన్‌ని ప్రాణాలతో అవతలి తీరానికి చేర్చడం కావాలి. దాని మొగుడు కోరీ రెండుసార్లు దాని పక్కటెముకలు విరగ్గొట్టాడు. ఒకసారి మాంసం కాల్చే పెనం మీద దాని అరచెయ్యి అదిమి పట్టుకున్నాడు. ఈసారి దొరికితే చంపేస్తానని చెప్పి మరీ వదిలాడు. మెరిన్ వాడికి జాడ తెలియకూడదని ఫోను సముద్రంలో పారేసి మా ఇంటికొచ్చింది. ఈ సంగతులన్నీ నెవిల్‌కి తెలుసు. కోరీ మొహం మాత్రం వాడెప్పుడూ చూడలేదు.

దూరప్రయాణాల వాళ్లు కబుర్లాడుకునే గ్రూపొకటి ఆన్‌లైన్‌లో ఉంది. నేనూ నెవిల్ సొంత పేర్లతోనే అందులో ఉన్నాం. ఏ బంకులో పెట్రోలు దొరుకుతుంది, ఎన్ని టైర్లు వెంట ఉండాలి, అన్నీ అక్కడే తేలతాయి. అడిగిన పాపానికి ముందు తిట్లు తినాలి, తరవాతే జవాబు.

"గ్లెనిస్, నీ డొక్కు బండి సెడునా ఊరైనా దాటుద్దా? ఆగిపోతే నిన్ను అక్కడే పాతేసి మేం ముందుకెళ్లిపోతాం," అని నెవిల్ రాశాడు.

"ముందు నీ పొట్ట స్టీరింగు వెనకాల పట్టుద్దో లేదో చూసుకోరా. తిండి అయిపోతే మొదట కోసేది నిన్నే," అని నేను రాశాను.

అప్పుడు దూరాడు తుప్పుడబ్బా అనే పేరుతో ఒకడు. "నెవ్‌ని కోసేటప్పుడు నాకో కేకెయ్యండి, కత్తి నేను తెస్తా. కొవ్వు మాత్రం గ్లెనిస్‌కే ఇవ్వాలి. ఆ బండికి గ్రీజు కావాలిగా!"

గ్రూపంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి వాడు లేకపోతే మాకు పొద్దుపోయేది కాదు. నన్ను ముసలి కంగారూ అన్నాడు, నెవిల్‌ని పందుల్లో పెద్దపంది అన్నాడు. మేం అంతకు రెండింతలు అంటే పడ్డాడు. పొద్దువాలాక బండి నడపొద్దనీ, కంగారూలు అడ్డంపడి అద్దంలోంచి ఒళ్లోకొస్తాయనీ మంచి మాటలు కూడా చెప్పాడు. తనూ అటే వస్తున్నానన్నాడు. ఎక్కడ కలుద్దామని అడిగాడు.

నెవిల్ రాసేశాడు. "సెడునా దాటాక నీళ్ల ట్యాంకున్న రేకుల షెడ్డు దగ్గర, శనివారం మధ్యాహ్నం. బీరు నువ్వు తే. వంట బాగా చేసే పిల్ల మాతో ఉందిలే."

అది చదివిన వెంటనే వాడికి ఫోన్ చేశాను. "ఆ పిల్ల ఊసెందుకెత్తావురా, నీ నోరు పడిపోను!"

"పేరు చెప్పలేదుగా! అయినా తుప్పుగాడు మనోడే. మనోడు కాకపోతే అన్ని తిట్లు పడతాడా?"

నిజమే కదా అనిపించింది. నేనూ ఊరుకున్నాను.

శనివారం ఆ షెడ్డు దగ్గర ఎండ నిప్పులు చెరుగుతోంది. నెవిల్ కట్టెల మంట మీద టీ నీళ్లు పెట్టాడు. మెరిన్ కారు వెనక తలుపు తెరిచి రొట్టెలు తీస్తోంది. ఆ ఉదయం నుంచే అది కాస్త నవ్వడం మొదలుపెట్టింది. తెల్ల ట్రక్కొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. గడ్డం, టోపీ, నల్ల కళ్లద్దాలతో ఒకడు బీరు సీసాల పెట్టె భుజాన పెట్టుకుని దిగాడు.

"ఏరా పెద్దపందీ, ఇంకా చావలేదా నువ్వు?"

"వచ్చాడ్రా తుప్పుగాడు!" అంటూ నెవిల్ వెళ్లి వాణ్ణి కావిలించుకున్నాడు.

ఆ గొంతు వినగానే మెరిన్ చేతిలోని రొట్టెలు జారిపోయాయి. నేను తలెత్తేలోగా వాడు నెవిల్‌ని వదిలేసి అటు నడిచాడు. దాని జుట్టు పట్టుకుని మొహాన్ని కారు తలుపుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నెవిల్ అక్కడే నిలబడి, "ఒరేయ్ చాల్లే, పిల్ల జడుసుకుంటది," అని నవ్వుతున్నాడు. అదీ ఆటే అనుకున్నాడు!

"కోరీరా వాడు!" అని అరుస్తూ నేను మీద పడ్డాను. వాడు నా మోకాలి మీద బూటుతో తన్నాడు. ఎముక చిట్లిన చప్పుడు నాకే వినపడింది. మెరిన్ ముక్కులోంచి, నోట్లోంచి రక్తం కారుతుంటే వాడు దాని మెడ చుట్టూ బెల్టు బిగించాడు. అప్పటికి నెవిల్‌కి సంగతి తలకెక్కింది. పరుగున వెళ్లి వాణ్ణి లాగాడు. కోరీ కింద దించిన పెట్టెలోంచి బీరు సీసా తీసి నెవిల్ నెత్తిన పగలగొట్టాడు. నెత్తురు కళ్లల్లోకి కారుతున్నా నెవిల్ వాడి చొక్కా వదల్లేదు. నేను దేక్కుంటూ వెళ్లి, మరుగుతున్న టీ గిన్నె తీసి వాడి వీపున కుమ్మరించాను. వాడు పెట్టిన కేక ఆ మైదానమంతా వినిపించి ఉంటుంది. కింద పడగానే నెవిల్ వాడి మీద కూర్చున్నాడు. బండ్లు లాగే పట్టీతో వాణ్ణి కారు ముందు కమ్మీకి కట్టేశాం.

శాటిలైట్ ఫోన్లో పోలీసులకు చెప్పాం. రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. మెరిన్ నీళ్ల ట్యాంకుకి చేరగిలబడి కూర్చుంది. ఒక కన్ను మూసుకుపోయింది. మెడ మీద బెల్టు వాత ఎర్రగా తేలింది.

కోరీ కాసేపు మూలిగాడు. తరవాత తల పైకెత్తాడు. "ఏం నెవ్," అన్నాడు, "టీ అడిగితే వీపు మీద పోస్తారా మీ ఊళ్లో? చక్కెర కూడా వెయ్యలేదు."

నెవిల్ నవ్వాడు.

పెద్ద నవ్వేం కాదు. ముక్కులోంచి కిసుక్కున వచ్చింది, వెంటనే నోరు మూసుకున్నాడు. కానీ మెరిన్ విన్నది.

"మా పెరట్లో కూడా ఇంతే బాబాయ్," అంది నెవిల్‌తో మెల్లిగా. "వీడు మాంసం కాలుస్తూ జోకులేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. లోపల నేను ఊపిరి తీసుకోలేక గోడ పట్టుకుని నిలబడేదాన్ని. బయటికొస్తే, ఇంత సరదా మనిషి దొరికాడు, నీకేం తక్కువే అనేవాళ్లు."

"తల్లీ, నేను..." అన్నాడు నెవిల్.

అది లేచింది. కారులోంచి చక్రాలు విప్పే పానా తీసుకుంది. కోరీ ఇంకా ఇకిలిస్తూనే ఉన్నాడు. "అదిగో మా ఆవిడ, టైరు మార్చడం నేర్చుకుంది," అన్నాడు.

పానా వాడి నోటి మీద పడింది. పళ్లు ఊడి గులకరాళ్లలో పడ్డాయి. రెండోసారి దవడ మీద పడింది. నాకు కాలు విరిగిందే గానీ గొంతు బాగానే ఉంది, ఆగమని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. అనాలనిపించలేదు. మెరిన్ చాలనుకున్నప్పుడు తనే ఆపి, పానాని పక్కన పెట్టింది. ఆ తరవాత కోరీ ఒక్క మాట కూడా అనలేకపోయాడు.

పోలీసులు వచ్చి వాడి మొహం చూశారు. కట్టేసినవాణ్ణి ఇలా ఎవరు కొట్టారని గట్టిగా అడిగారు.

"నేనే," అన్నాడు నెవిల్, ముందుకొచ్చి. "నేనే కొట్టాను, సార్."

నెవిల్ అలా "సార్" అని ఎవరినైనా పిలవడం నేనెప్పుడూ వినలేదు.

మెరిన్ ట్యాంకు పట్టుకుని లేచి నిలబడింది.

"కాదు. కొట్టింది నేను," అంది. "బాబాయ్ నవ్వాడంతే."