రెండు పాలేల ఐసు మర

నేను ఒక ఐసు మరను. ఐసు దిమ్మలను పొడి చేయడమే నా పని. నెల్లూరు శివార్లలోని లేతుషెడ్డులో నన్ను చేసిన ముసలి మేస్త్రి నా డ్రమ్ముకు పళ్ళన్నీ అతికి, ఒక్కొక్కదాన్నీ గోటితో మీటి చూశాడు. నన్ను అంత ప్రేమగా ముట్టుకున్నవాడు ఆ తర్వాత నన్ను నడిపిన మస్తాను ఒక్కడే.

ఏరు సముద్రంలో కలిసేచోట, ఉత్తరపు గట్టున నన్ను దింపారు. ఏటికి ఉత్తరాన ఏటిపాలెం, దక్షిణాన ఉప్పుదిబ్బ. రెండూ జాలర్ల ఊళ్ళే, రెండింటికీ ఒకే అమ్మవారు. నేను రావడానికి ఆరేళ్ళ ముందు, చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే సన్నకంటి వలలు ఎవరు వేస్తున్నారన్న తగాదా నడిసముద్రంలో కొట్లాటగా మారింది. పడవలు తగలబడ్డాయి. ఏటిపాలెం శీనయ్య తమ్ముడు చనిపోయాడు. అంతటితో రాకపోకలు ఆగిపోయాయి. శీనయ్య భార్య వెంగమ్మ పుట్టిల్లు ఉప్పుదిబ్బ. ఆమె తల్లి పోలమ్మ పొయ్యి వెలిగిస్తే ఆ పొగ ఏటి ఇవతలికి కనిపిస్తుంది. ఆరేళ్ళుగా వెంగమ్మకు పుట్టిల్లంటే ఆ పొగే.

ఐసు లేక రెండూళ్ళ చేపలూ కుళ్ళిపోయేవి. పట్నం వ్యాపారి చెప్పిందే ధర. రెండూళ్ళూ ఒకే సంఘంగా ఏర్పడితేనే ఐసు ప్లాంటు వస్తుందని అధికారులు చెప్పారు. ఒకచోట కూర్చోనివాళ్ళు వేరువేరుగా వచ్చి ఒకే కాగితం మీద వేలిముద్రలు వేశారు. నన్ను నడపడానికి ఈ ఊరివాడిని ఆ ఊరు ఒప్పుకోలేదు. అందుకే పట్నం నుంచి మస్తాను వచ్చాడు.

మొదటి రోజుల్లో ఆడవాళ్ళు నాకు అటొక వరుస, ఇటొక వరుస కట్టారు. ఒకరి తట్ట ఇంకొకరి తట్టకు తగలకుండా చూసుకునేవారు. తల్లీకూతుళ్ళు ఎదురెదురు వరుసల్లో నిలబడి నేల చూసేవారు. ఒకనాటి ఉదయం నేను దిమ్మను నములుతుండగా, ఆ హోరులో పోలమ్మ పెదవులు కదిలాయి.

"చిక్కిపోయినావే. తింటుండావా?"

"తింటుండాలేమ్మా. నీ మోకాలు ఎట్టుండాది?"

వాళ్ళిద్దరికీ, నాకూ తప్ప ఇంకెవరికీ వినబడలేదు. మస్తాను మాత్రం చూశాడు. దిమ్మ అయిపోయినా స్విచ్చి ఆపలేదు. ఖాళీగా తిరిగితే నా పళ్ళకు మంచిది కాదని వాడికి తెలుసు. అయినా ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఎదురుపడితే నన్ను కాసేపు ఊరికే తిప్పేవాడు. పళ్ళు అరిగినా నాకు బాధ అనిపించలేదు.

తర్వాత పట్నం కంపెనీ లారీ రావడం మొదలైంది. నిండుగా సరుకుంటేనే వస్తామన్నారు. ఏ ఊరి చేపలతోనూ అది ఒంటరిగా నిండదు. మగవాళ్ళు మొహాలు తిప్పుకుంటూనే ఒకే కాటా దగ్గర నిలబడ్డారు. చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. పెంకుటిళ్ళు లేచాయి. పాత పగలు మాత్రం పోలేదు, వాటికి కాస్త తీరిక లేకుండా పోయిందంతే.

ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ప్లాంటులో నాలుగు దిమ్మలే మిగిలాయి. వంతు ఉప్పుదిబ్బది. ముందు నిలబడ్డది పోలమ్మ. అప్పుడే శీనయ్య పడవ నిండా వంజరంతో ఒడ్డుకొచ్చింది. ఎండకు చేపల కళ్ళు తెల్లబడుతున్నాయి. అడగడానికి అతనికి నోరు రాలేదు. పోలమ్మ కూతురి వంక ఒకసారి చూసి, "రెండు దిమ్మలు ఆ పడవకెయ్యి మస్తానూ" అంది.

వెనక నుంచి ఎవరో అన్నారు. "వాళ్ళకెందుకమ్మే మన ఐసు?"

"ఆ చేప కుళ్ళితే మన లారీ నిండదు. నష్టం వాళ్ళకేనా?" అంది పోలమ్మ. కారణం అదేనన్నట్టు కొంగు దోపుకుంది.

జనరేటరు మీద నన్ను నడిపారు. ఐసు పొడి చేపల మీద పడింది. పోలమ్మ తన తట్ట నింపుకుని, ఎత్తిపెట్టేవాళ్ళ కోసం అటూ ఇటూ చూసింది. శీనయ్య ఇసుకలో నడిచొచ్చాడు. చాలాసేపు తట్ట వంక చూశాడు. తర్వాత వంగి, దాన్ని అత్త తలమీదికెత్తాడు.

"బరువుండాదత్తా. నిదానంగా పో."

ఆమె తల కదల్చలేక, "సరే నాయనా" అంది. వెంగమ్మ నా వెనక్కి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మస్తాను ముసలివాడై పట్నం వెళ్ళిపోయాడు. సంఘం వాళ్ళు నేరుగా ఐసు పొడినే తయారుచేసే కొత్త యంత్రం తెచ్చి, నన్ను ప్లాంటు వెనక గోడకు ఆనించారు. పోలమ్మ మోకాళ్ళు ఆమెను ఇంత దూరం రానివ్వవు. వెంగమ్మ తల్లిని చూడాలంటే నేరుగా ఇంటికే వెళుతుంది. వాళ్ళకు నాతో పనిలేకుండా పోవడం మంచిదే. ఉప్పుగాలి నన్ను ఎంత తింటోందో ఆ మంచి కూడా అంతే తింటోంది.

నిన్న మధ్యాహ్నం శీనయ్య పడవ ఏరు దాటుతోంది. నడుమ గిన్నె పట్టుకుని నిలబడ్డ వెంగమ్మ అవతలి గట్టుకేసి గొంతెత్తి పిలిచింది.

"అమ్మా, కూర తెస్తుండా. తినేసి కూచోబాక."

పోలమ్మ ఏమందో వినాలని ఎంతో ప్రయత్నించాను. గాలి అటువైపు తిరిగింది.