నలభై కిలోమీటర్ల పొరపాటు

చెల్లెలు చేసిన పొరపాటుకు జయశీల సంబరం పట్టలేకపోయింది. చెన్నైలో ఉండే కెరెన్, తొమ్మిది నెలల పాపను తీసుకుని జమ్మూలో భర్త దగ్గరికి బయలుదేరుతూ, చౌకగా వచ్చాయని వేర్వేరుగా రెండు విమానం టికెట్లు కొనేసింది. ఢిల్లీలో దిగి ఢిల్లీలోనే ఎక్కడం కదా అనుకుంది. తీరా చూస్తే దిగేది ఘాజియాబాద్ దగ్గర హిండన్‌లో, ఎక్కేది ఢిల్లీకి ఆ చివర పాలంలో. మధ్యలో నలభై కిలోమీటర్ల పైమాటే.

"టికెట్ మార్చుకోనా అక్కా?" అంది కెరెన్ ఫోన్లో ఏడుపు గొంతుతో.

"మార్చావంటే చంపేస్తా! ఆ నలభై కిలోమీటర్లూ నావేనే. మీ బావా నేనూ కారేసుకొస్తాం."

ఢిల్లీ సాకేత్‌లోని ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా పదేళ్లనుంచీ ఎవరెవరి పిల్లల్నో ముందుగా ఎత్తుకున్న మనిషి ఆమె. సొంత చెల్లెలి బిడ్డను మాత్రం ఫోన్లోనే చూసింది. ఆ ఉక్రోషం ఇన్నాళ్లకు తీరబోతోంది.

ఆ రోజు చెన్నై విమానం గంట ఆలస్యంగా వచ్చింది. కెరెన్ బయటపడేసరికి పదకొండుంబావు. పాలంలో సామాను కౌంటరు ఒంటిగంటకు మూసేస్తారు. సైన్యంలో ఉన్న కెరెన్ భర్త నథానియేలుకు ఆ ఒక్కరోజే సెలవు. ఈ విమానం తప్పితే అతను మర్నాడు సరిహద్దుకు వెళ్లిపోతాడు, ఇక మూడు నెలలదాకా బిడ్డను చూడలేడు.

జయశీల చెల్లెల్ని వాటేసుకుని, పాపను అందుకుని, వెనక సీట్లో కూర్చుంది.

"పోనివ్వండి!" అంది భర్తతో.

రాజరత్నం పోనివ్వలేదు. చేతులు జోడించాడు. ప్రార్థన చెయ్యకుండా కారు కదిలించడం ఆయన వల్ల కాదు. చిన్న ప్రార్థన చెయ్యడం అసలే కాదు. ఆర్.కె. పురం చర్చిలో ఆయన ప్రార్థనకు లేచాడంటే పిల్లలు కునుకు తీసేస్తారు. "ప్రేమగల పరలోకపు తండ్రీ..." అని మొదలెట్టి టైర్లు, బ్రేకులు, ఎదురొచ్చే లారీల డ్రైవర్లదాకా వచ్చాడు. జయశీల ఎప్పటిలాగే వెనకనుంచి చొక్కా లాగింది. "ఆమెన్," అనేశాడు గబుక్కున.

ఇక అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరి మాట ఒకరు వినలేదు. పాప పెద్దమ్మ ముక్కు పట్టుకుంది, గాజులు కొరికింది, చీరంతా చొంగ చేసింది. జయశీలకు ఒళ్లు పులకరించింది. పాలం దారిలో ధౌలా కువా కూడలి దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి.

"అక్కా, పన్నెండున్నర!"

"పాప ఇంకాసేపు ఒళ్లో ఉంటుందని, పొద్దున ట్రాఫిక్ జామ్ అవ్వాలని కోరుకున్నది నేనేనే. వద్దు ప్రభువా, వద్దు, వెనక్కి తీసుకుంటున్నా!"

బండ్లు కదిలాయి. పన్నెండూ నలభైకి పాలం చేరారు. కెరెన్ చేతులు చాపింది. పాప జయశీల భుజం మీద నిద్రపోతోంది.

"ఏవండీ, ప్రార్థన చెయ్యరూ?" అంది జయశీల.

"అక్కడ చేశాంగా?"

"అది కారుకి. ఇది విమానానికి. కాస్త పెద్దదే చెయ్యండి."

రాజరత్నం అద్దంలో భార్య ముఖం చూశాడు. కళ్లు మూసుకుని మొదలెట్టాడు. పైలట్లయ్యారు, జమ్మూ గాలులయ్యాయి. "చలో భయ్యా, గాడీ హటావో!" అని కారు తియ్యమంటూ ఈల ఊదుకుంటూ వచ్చిన పోలీసు, లోపల జోడించిన చేతులు చూసి కాసేపు నిలబడ్డాడు. జయశీల మాత్రం కళ్లు మూయలేదు. పాపనే చూస్తూ కూర్చుంది.

ఈసారి చొక్కా లాగింది కెరెన్.