గీత మీద వేలాడిన రోబో

నా కొడుకు పిరికివాడు. ఇందులో చర్చించడానికేమీ లేదు.

వాడు బడిలో రోబో జట్టుకు శిక్షకుడు. వాడి కూతురు, అంటే నా మనవరాలు, ఆ జట్టులో బంతులు అందించే పిల్ల. ఆట మైదానం మూలన పసుపు గీత గీసిన గడి ఉంటుంది. రోబో ఆ గడిని తాకి నిలబడితేనే పిల్ల గోడ అవతల నుంచి దాని తొట్టిలో బంతి వెయ్యాలి. తాకకుండా వేస్తే జరిమానా.

పొద్దున ఆటలు మొదలవకముందే మనవరాలు పెద్ద రిఫరీ దగ్గరికి వెళ్లింది.

"రోబో ముక్కు గీత మీదికి వేలాడి, చక్రాలు బయటే ఉంటే తాకినట్టేనాండీ?"

"కాదమ్మా. నేల తాకాలి. గాల్లో వేలాడితే లెక్కలోకి రాదు."

నా కొడుకు పక్కనే నిలబడి తలూపాడు. వాడి వెనక నీళ్ల సీసాల సంచి మోస్తున్నది నేను.

సెమీఫైనల్లో మా రోబో సరిగ్గా అలాగే ఆగింది. ముక్కు లోపల, చక్రాలు బయట.

"వెయ్యవే! నిద్రపోతున్నావా?" అని అరిచాడు రోబోను నడిపే కుర్రాడు.

"చక్రం బయటుందిరా! ముందుకు తే!"

రోబో కదల్లేదు. గంట మోగింది. బంతి పిల్ల చేతిలోనే ఉండిపోయింది. అవతలి జట్టు రోబో కూడా అలాగే వేలాడింది. వాళ్ల పిల్ల దర్జాగా బంతులు వేసింది. ఎవరూ ఈల ఊదలేదు. మేం ఓడిపోయాం.

అక్కడ అభ్యంతరం చెప్పడానికి నేల మీద ఒక చదరం గీసి ఉంటుంది. అందులో విద్యార్థే నిలబడి అడగాలి, పెద్దలు నోరు మెదపకూడదు. మనవరాలు ఒక్కతే వెళ్లి నిలబడింది.

"వేలాడితే చాలదని పొద్దున మీరే అన్నారు కదండీ?"

"నేనా? లేదే. గీత మీదికి వస్తే చాలు. నువ్వేదో ఊహించుకున్నావు."

"మా నాన్న కూడా విన్నారండీ."

నేను లేచి, "నేనూ విన్నాను!" అన్నాను.

"కూర్చోండి తాతగారూ. పిల్ల తాత వినకేం చేస్తాడు!" అన్నాడొకడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

రిఫరీ నా కొడుకు వైపు తిరిగాడు. "ఏం మాస్టారూ, అన్నానా?"

వచ్చే ఏడు రిఫరీల బృందంలో వాడికి చోటిప్పిస్తానన్నది ఆయనే. వారం రోజులుగా అన్నం దగ్గర అదే గొప్ప.

"సరిగ్గా గుర్తులేదండీ," అన్నాడు నా కొడుకు. పైగా ఇకిలించాడు.

మూడో స్థానం ఆటకు పిల్లను తప్పించి ఇంకొకణ్ణి పెట్టాడు. "నీకు కంగారెక్కువ అమ్మలూ," అన్నాడు. అది ఆటలో పెట్టుకునే రక్షణ కళ్లద్దాలు తీసి వాడి చేతిలో పెట్టింది. తక్కిన పిల్లలు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

ఇంటికి వస్తూ కార్లో అడిగాను. "నిజంగా గుర్తులేదట్రా?"

"ఉందనుకో. అయితే ఏంటి నాన్నా? పెద్దవాళ్లతో పేచీ ఎందుకు? ఆటే కదా!"

వెనక సీట్లో పిల్ల ఉంది. దానికి వినబడుతుందన్న జ్ఞానం కూడా లేదు వాడికి. నా భార్య పోయి బతికిపోయింది, ఈ మాట వినాల్సిన ఖర్మ తప్పింది. బండి ఆపమన్నాను. దిగాను. వెనక తలుపు తీసుకుని మనవరాలూ దిగింది. ఇద్దరం నడిచే ఇల్లు చేరాం.

మర్నాడు వాడు, "ఇంకా కోపమేనా నాన్నా?" అంటూ వచ్చాడు. నేను చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాను. ఈ సంగతి ఇక్కడ రాశాను, అంతే. వాడి దగ్గర గానీ మరొకరి దగ్గర గానీ జన్మలో మళ్లీ ఎత్తను.